గొంతు పోయినోడే గొంతును జూసిండు

మన దిక్కు ఎవరి గొంతన్న బాగుంటే అది దేవుడిచ్చిన వరమంటరు. అదే గొంతు నడుమల పోతే దిష్టి తగిలిందంటరు, లేకుంటే రాత అంటరు. వరానికి, రాతకు నడుమ ఒక శరీరం ఉందన్న సంగతి ఎవ్వరికీ యాదికుండదు. గొంతు అంటే మాంసం, నరం, తడి, గాలి. అది అలుస్తది, వాస్తది, మానుతది. ఈ ముచ్చటను లోకానికి కండ్లతోని చూసి చెప్పిన మనిషి డాక్టరు కాదు. ఒక పాటల పంతులు. పేరు మాన్యుయెల్ గార్సియా. చిన్న వయసుల్నే తన గొంతు పోగొట్టుకున్నోడు.

పల్లె పాటల వేదికలెక్కే పోరగాండ్లకు నేను గొంతు సాధన చెప్తుంట. ఏడాదికి ఒకరిద్దరన్న బొంగురుపోయిన గొంతుతోని నా తాన కూసుంటరు. వాళ్లకు కరక్కాయ కంటే ముందు నేను ఈ మనిషి కథ చెప్త. అదే కథ ఈడ రాస్తున్న.

గార్సియా 1805 మార్చి 17న స్పెయిన్ దేశంల పుట్టిండు. ఇంటిల్లిపాది పాటగాళ్లే. తండ్రి పేరు గూడ మాన్యుయెల్ గార్సియానే. యూరప్‌ల పేరు మోగిన ఒపెరా గాయకుడు. ఒపెరా అంటే మాటల జాగల గూడ పాటనే ఉండే నాటకం, మన యక్షగానం లెక్క. రొస్సీని అనే గొప్ప సంగీతకారుడు ‘ది బార్బర్ ఆఫ్ సెవిల్’ ఒపెరా కట్టినప్పుడు, అండ్ల నాయకుని పాత్రను ఈ తండ్రి గొంతు కోసమే రాసిండు. 1816ల రోమ్‌ల ఆ పాత్రను మొదట పాడింది ఆయననే. పెద్ద చెల్లె మరియా మాలిబ్రాన్ ఆ కాలంల యూరప్‌ను ఊపిన గాయని. చిన్న చెల్లె పౌలీన్ వియార్దో గూడ అంతే పేరు తెచ్చుకున్నది. అసొంటి ఇంట్ల పుట్టిన కొడుకు పాడక ఏం జేస్తడు?

1825ల తండ్రి కుటుంబాన్నంత పడవెక్కించి అమెరికా తీస్కపోయిండు. ఆ ఏడు నవంబర్ 29న న్యూయార్క్‌ల ‘ది బార్బర్ ఆఫ్ సెవిల్’ ఆడిండ్రు. ఇటలీ భాషల ఒపెరాను ఇటలీ భాషల్నే పాడుడు ఆ నగరానికి అదే మొదలు. తండ్రి, తల్లి, మరియా, కొడుకు అందరు వేదిక మీదనే. కొడుకు మంగలి ఫిగరో పాత్ర కట్టిండు. అప్పటికి ఆయనకు ఇరువై ఏండ్లు. ఆట మీద ఆట, రిహార్సల్ మీద రిహార్సల్. మంది తక్కువ, పని ఎక్కువ. ఇంటి బండి లాగనీకి ఆ పిలగాని గొంతును గూడ కాడికి కట్టిండ్రు.

ఆ గొంతు నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో ఆయన తర్వాత బతుకంత ఆలోచించిండు. మొగపిల్లలకు గొంతు మారే వయసు ఒకటుంటది. పన్నెండు, పదమూడేండ్ల సుమారుల మొదలైతది. గొంతు పెట్టె పెరుగుతది, లోపటి నాదపు పొరలు పొడుగైతయి. మాట ఒకసారి సన్నగ, ఒకసారి బొంగురుగ వస్తది. ఇల్లు కూలగొట్టి మళ్ల కట్టే కాలం అన్నట్టు. కూలీలు పని జేస్తున్న ఇంట్ల సుట్టాలకు దావత్ పెడితే ఎట్లుంటదో, ఆ వయసుల గొంతు మీద బలవంతం జేస్తే అట్లుంటది. గార్సియా ఆ వయసుల పాట ఆపలేదు, ఆపనియ్యలేదు. తన గొంతు ఖరాబైంది ఆడికెల్లే మొదలైందని ఆయన గట్టిగ నమ్మిండు. తర్వాత తన తాన చేరిన పిల్లల విషయంల ఆ వయసును శాన జాగ్రత్తగ చూసుకున్నడు.

అమెరికా నుంచి ఆ కుటుంబం మెక్సికో పోయింది. పైసలు బాగనే సంపాదించిండ్రు. వాపస్ వచ్చేటప్పుడు దారిల దొంగలు పడి సంపాదించిన బంగారమంత దోచుకపోయిండ్రు. పారిస్‌కు చేరేసరికి చేతిల సొమ్ము లేదు, కొడుకు నోట్లె గొంతు లేదు. 1829ల ఇటలీలోని నేపుల్స్‌ల వేదికెక్కి చూసిండు గానీ, మెచ్చుకున్నోళ్లు లేరు. ఆ దెబ్బతోని ఆయన వేదికకు దండం పెట్టిండు. ఇరువై నాలుగేండ్లకే గాయకునిగ కథ ఒడిసింది.

ఇగ మామూలు మనిషైతే ఏదో ఒక పనిల పడి బాధను మింగుతడు. ఈయన ఆ బాధను ప్రశ్న చేసిండు. గొంతు ఎందుకు పోతది? అది లోపట ఎట్ల పనిజేస్తది? 1830ల ఫ్రాన్స్ సైన్యంతోని అల్జీరియా పోయిండు. తిరిగొచ్చినంక పారిస్‌ల సైనిక దవాఖానాలల్ల పనిజేసిండు. ఆడ మనిషి దేహం గురించి, ముఖ్యంగ గొంతు గురించి సదువుకున్నడు. జంతువుల గొంతులు తెచ్చి, కింది నుంచి తిత్తితోని గాలి ఊది, మోత ఎట్ల పుడుతదో చూసిండని ఆయన జీవితకథ రాసిన శిష్యుడు చెప్పిండు. గొర్రె గొంతుల గాలి ఊదుకుంట కూసున్న ఒపెరా గాయకుణ్ని చూసి నవ్వినోళ్లు గూడ ఉంటరు. ఆయన పట్టించుకోలేదు.

తండ్రి 1832ల చనిపోయిండు. కొడుకు పారిస్‌ల పాటల పంతులుగ నిలబడ్డడు. తండ్రి మీద నింద వెయ్యలేదు. తండ్రి నేర్పిన పద్ధతికే లెక్క, కారణం జోడించి పుస్తకం జేసిండు. 1840ల ఫ్రాన్స్ విజ్ఞానశాస్త్ర అకాడమీకి మనిషి గొంతు మీద ఒక వ్యాసం ఇచ్చిండు. అండ్ల ఆయన తేల్చిన ముచ్చట్లు పాడేటోళ్లకు ఇయ్యాల్టికీ పనికొస్తయి. గొంతుల వేరు వేరు అంతస్తులు ఉంటయి. కింది స్వరాలు పాడేటప్పుడు రొమ్ముల అదిరినట్టు ఉంటది, పై స్వరాలల్ల తలకాయల మోగినట్టు ఉంటది. లోపటి పొరలు రెండు తీర్లుగ పనిజేస్తయి గనక ఈ తేడా. కింది అంతస్తు బలాన్ని పై అంతస్తుకు గుంజుకపోయి అరిస్తే గొంతు తొందరగ చెడుతది. ఎక్కడ మెట్టు మారాల్నో తెలుసుకోవాలె, మారేటప్పుడు కుదుపు లేకుంట సాధన జెయ్యాలె.

మన పోరగాండ్లు జేసే పెద్ద తప్పు ఇదే. సినిమా పాటనో, పేరున్న కళాకారుని పాటనో ఆయన శ్రుతిల్నే పాడాలని పట్టుబడ్తరు. మెడ నరాలు తాళ్ల లెక్క ఉబ్బుతుంటే జనం చప్పట్లు కొడ్తరు. నరం ఉబ్బిందంటే పాట గొప్పదని కాదు, శ్రుతి నీది కాదని. ఒక మెట్టు దించుకుంటే పాట విలువ తగ్గదు, గొంతు ఆయుష్షు పెరుగుతది.

గార్సియా పేరు మోగింది ఒక ఆడపిల్లతోని. 1841ల స్వీడన్ నుంచి జెన్నీ లిండ్ అనే ఇరువై ఏండ్ల గాయని పారిస్ వచ్చింది. ఆమె స్టాక్‌హోమ్‌ల అప్పటికే పెద్ద పేరు. చిన్ననాటి నుంచి వేదిక మీదనే పెరిగింది. ఎడతెగకుండ పాడి పాడి గొంతు అరిగిపోయింది. పై స్వరాలు ఆగుతలేవు, నడిమి స్వరాలల్ల గాలి దప్ప నాదం లేదు. గార్సియా ముంగట పాడితే, ఇగ నేర్పనీకి గొంతే మిగలలేదన్నట్టు చెప్పిండు. ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు పెట్టుకొని బతిమాలింది. అప్పుడు ఆయన ఒక మందు చెప్పిండు. ఆరు వారాలు ఒక్క పాట గూడ పాడొద్దు, మాట గూడ ఎంత తక్కువైతే అంత మంచిది, ఆ తర్వాత వచ్చి కనపడు అని పంపిచ్చిండు.

పరాయి దేశంల, ఒంటరిగ, పేరు చేతుల నుంచి జారిపోతుంటే, ఆరు వారాలు నోరు కట్టుకొని కూసునుడు ఎంత కష్టమో పాడేటోళ్లకే తెలుస్తది. ఆమె కూసున్నది. మళ్ల వచ్చినప్పుడు గొంతుల కొంత పాణం వచ్చిందని ఆయనకు వినబడ్డది. పది నెలల దాక నేర్పిండు. ఊపిరి ఎట్ల తీసుకోవాలె, ఎట్ల ఆపుకోవాలె, స్వరాన్ని ఎట్ల మొదలుపెట్టాలె, మెల్లగ పైకి, మెల్లగ కిందికి. పెద్ద గాయని అయ్యుండి ఆమె ఒకటో తరగతి పిల్ల లెక్క సరళీ స్వరాలు పాడింది. 1842ల స్టాక్‌హోమ్ తిరిగిపోయి మళ్ల వేదికెక్కింది. ఆ తర్వాత యూరప్‌ను, అమెరికాను ఏలిన జెన్నీ లిండ్ ఆమెనే. ఆమెకు ఇచ్చిన మొదటి వైద్యం మాత్ర కాదు, కషాయం కాదు, మౌనం.

1848ల పారిస్‌ల విప్లవం వచ్చింది. గార్సియా లండన్‌కు మారిండు. ఆడ రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌ల పంతులుగ చేరి 1895 దాక అక్కడనే నేర్పిండు. తొంబై ఏండ్ల వయసు దాక అన్నట్టు. మాతిల్ద్ మార్కేసి, చార్ల్స్ శాంట్లీ, యూలియుస్ స్టాక్‌హౌజెన్ అసొంటి పెద్ద పేర్లు ఆయన శిష్యులే.

ఇన్ని జేసినా మొదటి ప్రశ్న పోలేదు. పాడుతున్నప్పుడు లోపట ఏం జరుగుతదో కండ్లతోని చూడాలె. ఆయనకంటె ముందు డాక్టర్లు అద్దాలతోని గొంతు చూడ ప్రయత్నం చేసిండ్రు గానీ, పాడే గొంతు కదలికను పట్టుకొని వివరంగ చెప్పినోళ్లు లేరు. 1854 సెప్టెంబర్‌ల ఆయన సెలవులకు పారిస్ వచ్చిండు. పాలే రోయల్ అనే జాగల నడుస్తుంటే కిటికీ అద్దాల మీద ఎండ తళుక్కుమన్నది. అంతే, లెక్క కుదిరింది. ఒక అద్దం వెలుగును లోపటికి పంపాలె, ఇంకో అద్దం లోపటి బొమ్మను బయటికి చూపాలె. సీదా శస్త్ర పరికరాలు జేసే షారియేర్ దుకానంకు పోయిండు. పొడుగు కాడ ఉన్న పండ్ల డాక్టరు అద్దం ఒకటి ఆరు ఫ్రాంకులు పెట్టి కొన్నడు. చెల్లె ఇంటికొచ్చి ఆ చిన్న అద్దాన్ని వేడి నీళ్లల్ల ముంచిండు, ఊపిరి ఆవిరికి మసకబారకుంట. తుడిచి, నోట్లె కొండనాలుక కాడ ఆనిచ్చిండు. చేతి అద్దంతోని ఎండను దాని మీదకి కొట్టిండు. తన గొంతు తనకు కనబడ్డది. గొంతును పోగొట్టుకున్న పాతికేండ్లకు దాన్ని ముఖాముఖి చూసిండు.

ఏం కనబడ్డది? ఊపిరి తీసుకునేటప్పుడు రెండు పొరలు తలుపుల లెక్క తెరుచుకుంటయి. స్వరం పలికేటప్పుడు దగ్గరికొచ్చి మూసుకుంటయి. కింది నుంచి వచ్చే గాలి వాటిని అదిరిస్తది. సెంటీమీటరున్నర అటుఇటు పొడుగుండే ఈ చిన్న పొరలే మన మాట, మన పాట, మన బతుకమ్మ, మన ఒగ్గు కథ. మామూలు మాటల మొగోళ్ల పొరలు సెకనుకు నూరు సార్లకు పైన, ఆడోళ్లవి రెండు వందల సార్ల సుమారు కొట్టుకుంటయి. పాటల శ్రుతి పెరిగిన కొద్దీ ఇంకా ఎక్కువ. రెండు వందలే అనుకున్నా, గంటసేపు ఆగకుంట నాదం తీస్తే 7,20,000 సార్లు ఒకదానికొకటి తగిలినట్టు. రెండు చేతులతోని అన్ని సార్లు చప్పట్లు కొడితే అరచేతులు ఏమైతయో ఆలోచించుండ్రి. మెల్లగ తగిలితే అలుపు. గట్టిగ, ఎండిపోయి, రోజూ తగిలితే వాపు. వాపు మీద మళ్ల పాడితే కాయలు కాస్తయి, కూలిపని జేసేటోళ్ల చేతులకు కాసినట్టు. బొంగురు అంటే అదే.

అద్దం చూపిన ఈ సంగతి తెలిస్తే మన అలవాట్లను గూడ తూకం వెయ్యొచ్చు. మింగిన నీళ్లు, తేనె, మిరియాల కషాయం ఈ పొరలకు నేరుగ తగలయి. అవి అన్నం గొట్టంలకు పోతయి, పొరలున్నది గాలి గొట్టం మీద. అందుకే వేదికెక్కే ముందు చెంబెడు నీళ్లు తాగితే చాలదు. పొద్దటి నుంచి కొంచెం కొంచెం తాగుతుంటేనే ఒంట్లె తడి ఉండి పొరలకు తడి అందుతది. ఆవిరి పట్టుడు మంచిది, ఆవిరి గాలితోనే పోతది గనక. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే నోట్లె ఊట ఊరి హాయి అనిపిస్తది, అంతవరకే. వాపు తగ్గిందని మాత్రం అనుకోవద్దు. బీడీ, సిగరెట్ పొగ నేరుగ పొరల మీదకే పోతది. మందు తాగి పాడేటోళ్లకు నొప్పి తెలువదు, దెబ్బ మాత్రం తగులుతనే ఉంటది. ప్రోగ్రాం అయినంక అర్ధరాత్రి కారం కూర తిని వెంటనే పండుకుంటే కడుపుల పులుపు గొంతు దాక ఎగదన్ని పొరలను కాలుస్తది. మాటిమాటికి గొంతు సవరించుకునుడు గూడ పొరలను ఒకదానికొకటి కొట్టుడే. దాని బదులు ఒక గుటక మింగుండ్రి.

గార్సియా తాను చూసింది 1855ల లండన్ రాయల్ సొసైటీకి రాసి ఇచ్చిండు. పాటలోళ్లు పెద్దగ పట్టించుకోలేదు. రెండు మూడేండ్లకు వియన్నాల టుర్క్, ఆ తర్వాత చెర్మాక్ అనే డాక్టర్లు ఆ అద్దాన్ని అందుకున్నరు. చెర్మాక్ ఎండ బదులు దీపం వెలుగును వాడి, ఎప్పుడైనా చూసేటట్టు జేసిండు. గొంతు వైద్యం అనే కొత్త శాఖ నిలబడ్డది. 1862ల కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఈ పాటల పంతులుకు గౌరవ డాక్టరు పట్టా ఇచ్చింది. ఇయ్యాల ఈఎన్‌టీ డాక్టరు కెమెరా పెట్టి గొంతు చూస్తుండంటే, ఆ కెమెరాకు తాత ఆరు ఫ్రాంకుల అద్దమే.

ఆయన చెప్పిన ఒక మాటను మాత్రం లోకం తలకిందులు చేసింది. స్వరం మొదలుపెట్టేటప్పుడు పొరలు ఒక్కసారి శుభ్రంగ కలవాలె, గాలి ముందుగ కారిపోవద్దు అని ఆయన చెప్పిండు. దానికి ఫ్రెంచిల పెట్టిన పేరుల దెబ్బ అనే అర్థం ఉండె. పేరును పట్టుకొని శాన మంది పంతుళ్లు గొంతును నిజంగనే దెబ్బ కొట్టి స్వరం తియ్యమన్నరు. పిల్లల గొంతులు చెడినయి, నింద ఈయన మీద పడ్డది. ఆయన చెప్పింది శాన సున్నితమైన పని. బలంతోని కాదు, తెలివిడితోని. ముసలితనంల గూడ ఈ ముచ్చటను మళ్ల మళ్ల విడమర్చి రాసుకోవాల్సి వచ్చింది. సాధన పేరు మీద గొంతు చించుకునుడు నేర్పే గురువులు అప్పుడూ ఉండిండ్రు, ఇప్పుడూ ఉన్నరు.

ఇంకో సంగతి నాకు శాన నచ్చుతది. గొంతును చూసే అద్దం ఇచ్చినోడు పాఠం చెప్పేటప్పుడు ఆ అద్దాన్ని పక్కన పెట్టిండు. పాడేటోడు పొరల గురించి ఆలోచిస్తే పాట రాదు, చెవి పెట్టి వినాలె. కొత్తగ నేర్చుకునేటోళ్లను ఏకబిగిన పాడనియ్యలేదు. కొన్ని నిమిషాలు పాడిపిచ్చి, ఆపి, మళ్ల పాడిపిచ్చిండు.

1905 మార్చి 17న ఆయనకు నూరేండ్లు నిండినయి. లండన్‌ల డాక్టర్లు, పాటగాళ్లు ఒక్కచోట కూడి పండుగ జేసిండ్రు. ఇంగ్లండ్ రాజు ఎడ్వర్డ్ పిలిచి బిరుదు ఇచ్చిండు. స్పెయిన్ రాజు, జర్మనీ చక్రవర్తి పతకాలు పంపిండ్రు. సార్జెంట్ అనే పెద్ద చిత్రకారుడు బొమ్మ గీసిండు. 1906 జూలై 1న లండన్‌ల, నూటొక్క ఏండ్ల వయసుల, గార్సియా కన్నుమూసిండు. ఇరువై నాలుగేండ్లకు గొంతు పోయినోడు ఇంకో డెబ్బై ఏడేండ్లు ఎందరి గొంతులనో కాపాడిండు.

ఇగ మన ముచ్చట. మన పాటలోళ్లకు గొంతు అంటే కూలి. నాగలి విరిగితే రైతు పొలం ఆగినట్టు, గొంతు పోతే ఆ ఇంట్ల పొయ్యి ఆగుతది. అయినా రాత్రంత పాడిపిచ్చి, పొద్దుగాల ఇంకో ఊర్ల మైకు చేతిలకిస్తం. గొంతు బొంగురుపోయేదాక పాడితేనే పాడినట్టని మెచ్చుకుంటం. ఈ మెచ్చుకోలే వాళ్ల పాలిట శాపం. సభలు పెట్టేటోళ్లు పాడేటోనికి తన గొంతు తనకు వినబడే మానిటర్ బాక్స్ ఒకటి పెట్టాలె. వినబడకపోతే ఎవడైనా అరుస్తడు. ఇద్దరు గాయకులు ఉండే కాడ నలుగురిని పెట్టి వంతులు వెయ్యాలె. కళాకారులకు ఏడాదికోసారి గొంతు పరీక్ష సర్కారే చేయించాలె. ఇది దానం కాదు, పనిముట్టును కాపాడుడు.

పాడేటోళ్లకు చెప్పేది కొంచెమే. వేదికెక్కే ముందు పది నిమిషాలు మెల్లగ హమ్ చెయ్యుండ్రి. పిల్లలు బస్సు మోత తీసినట్టు పెదవులు అదిరిచ్చుకుంట కింది నుంచి పైకి, పై నుంచి కిందికి పోయి రాండ్రి. జలుబు, జ్వరం ఉన్నప్పుడు పాడొద్దు. గొంతు అలిసిన దినం గుసగుసలాడొద్దు, అది గూడ బరువే. మాట తగ్గించుండ్రి. పాడుతుంటె ఒక్కసారిగ గొంతు ఆగిపోతే ఆ పాట అక్కడనే ఆపుండ్రి, ఎవరేమనుకున్నా సరే. బొంగురు మూడు వారాలు దాటితే చిట్కాలు బంద్ పెట్టి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండ్రి. హైదరాబాద్ కోఠిల సర్కారు ఈఎన్‌టీ దవాఖాన ఉన్నది. లోపట ఉన్నది ఉత్త కాయనా, ఇంకేదన్ననా అన్నది చూస్తేనే తెలుస్తది. పైకి ఎంత విన్నా తెలువది.

జెన్నీ లిండ్ ఆరు వారాలు నోరు కట్టుకున్నది గనకనే లోకం ఆమె పాట విన్నది. మన పాటలోళ్లు గూడ ఒక వారం పాడనంటే దాన్ని బద్ధకం అనొద్దు. అది గూడ సాధననే. ఆ వారం వాళ్ల ఇంటికి కూలి అందేటట్టు చూసుడు పాట వినే మన అందరి బాధ్యత.